పసిబిడ్డ గది ఎవరికి?

కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లలో గృహ కూడికలకు వెళ్లినప్పుడు, బిడ్డ కోసం కొత్తగా రంగులు వేయించిన చిన్న గదిని మాకు చూపించి ప్రార్థన చేయమంటారు. సంతోషంగా చేస్తాం. రెండు మాటలు కూడా చెబుతాం.

పాత రంగు గీకించాలంటే గర్భిణి ఇంట్లో లేనప్పుడే చేయించండి. రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోగానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు వేసిన రంగు పొడిలో సీసం ఉండవచ్చు. అది గర్భంలోని శిశువు మెదడుకు హాని చేస్తుంది. ఆమె తిరిగి వచ్చేలోగా గదిని తడిగుడ్డతో తుడిపించండి.

ఇక, తొలి ఆరు నెలలైనా బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, వేరే పక్కమీద పడుకోవాలని వైద్యులు చెబుతారు. మరి ఆ గది ఎవరికి? 26 వారాల ప్రసూతి సెలవు ముగిసి తల్లి ఆఫీసుకు వెళ్తే, బిడ్డను చూసుకోవడానికి ఊరినుంచి వచ్చే అమ్మమ్మకో నాయనమ్మకో! హాల్లో దివాన్ మీద నెలల తరబడి పడుకున్న పెద్దలను మేము చూశాం. షూనేములోని ఘనురాలు ఎలీషా కోసం సిద్ధపరచిన గదిలో మంచం, బల్ల, పీట, దీపస్తంభం ఉన్నాయి (2 రాజులు 4:10). ఆమెకు కుమారుని గూర్చిన వాగ్దానం ఆ తర్వాతే వచ్చింది.

గోడమీద బొమ్మలు ఉండనివ్వండి. మంచం మాత్రం మోకాళ్ల నొప్పులున్న మనిషి లేచి కూర్చోవడానికి వీలైన ఎత్తులో వేయించండి.