సీల్ పిల్లలూ, రుషికుల్య తాబేళ్ళూ

సీల్ అనగానే మన విద్యార్థులకు స్ఫురించేది తహసీలు కచేరీలోని లక్క ముద్ర. తరగతిలో ఒకమారు ఈ ప్రస్తావన వచ్చినప్పుడు ఒక విద్యార్థి అదే అడిగాడు, అందరూ నవ్వారు. అతని తప్పేమీ లేదు. ఓరుగల్లు చెరువుల ఊరు, సముద్రానికి చాలా దూరం. భద్రకాళి చెరువు కట్టమీద పెరిగినవారికి ఉత్తర అట్లాంటిక్ మంచుపలకలపై పిల్లలను కనే ఒక జంతువు తెలియకపోవడంలో వింత లేదు.

కెనడా తూర్పు తీరాన, న్యూఫౌండ్‌లాండ్ పరిసరాలలో, హార్ప్ సీల్ అనే జాతి వసంతారంభంలో మంచుమీద ఈనుతుంది. పిల్లకు రెండు మూడు వారాలపాటు ఒళ్ళంతా తెల్లని నూగు ఉంటుంది. ఆ నూగు రాలకముందే దుడ్డుకర్రతో తలమీద కొట్టి చంపి, తోలు ఒలిచి, బొచ్చు వస్త్రాల వ్యాపారులకు అమ్మేవారు. 1964లో ఈ వేటను చూపిన ఒక చిత్రం కెనడా టెలివిజన్‌లో ప్రదర్శితమై అలజడి రేపినది. బ్రయాన్ డేవిస్ అనే కార్యకర్త 1969లో అంతర్జాతీయ జంతు సంక్షేమ నిధిని స్థాపించాడు. వేటగాని వెంట పడినంత మాత్రాన పని జరగదని గ్రహించి, ఉద్యమకారులు కొనుగోలుదారు తలుపు తట్టారు. యూరప్ దేశాల గృహిణులూ, బడిపిల్లలూ తమ ప్రతినిధులకు లక్షలాది ఉత్తరాలు వ్రాశారు. 1983లో యూరోపియన్ ఆర్థిక సమాజం తెల్లపిల్లల తోళ్ళ దిగుమతిని నిషేధించినది. 1984లో బ్రిటన్‌లో కెనడా చేపల డబ్బాలను బహిష్కరించే ప్రచారం సాగినది. 1987లో కెనడా తెల్లపిల్లల వాణిజ్యపు వేటను మానుకున్నది. ఎదిగిన సీళ్ళ వేట మాత్రం ఆగలేదు.

ఇంతవరకు ఇది విజయగాథ. దీనికి మరొక పార్శ్వం ఉన్నది. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు తెల్లపిల్లలను చంపినవారు కారు. ఎదిగిన సీల్‌ను వేటాడి, మాంసం తిని, మిగిలిన తోలు అమ్మి ఇంధనమూ తూటాలూ కొనుక్కునేవారు. నిషేధంలో వారికి మినహాయింపు ఉన్నా, బజారు ఆ తేడా చూడలేదు. తోలు ధర కూలిపోయినది. దయగల దూరదేశీయుల ఉత్తరాలకు వెల చెల్లించినది ఆ పేదలు.

ఈ లెక్కను మనసులో ఉంచుకొని మన తూర్పు తీరానికి వద్దాం. ఇక్కడ సీళ్ళు లేవు; ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ళు ఉన్నవి. ఒడిశా తీరంలో వాటి గుడ్లు ఏరుకొనడానికి 1970ల తొలినాళ్ళ వరకు ప్రభుత్వమే లైసెన్సులు ఇచ్చేది. మాంసం కోసం పట్టిన తాబేళ్ళను వేల సంఖ్యలో కలకత్తా బజారుకు చేరవేసేవారు. 1977లో ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరినవి. అయినా రవాణా వెంటనే ఆగలేదు. 1980ల ఆరంభంలో ప్రధాని ఇందిరా గాంధీ స్వయంగా పట్టించుకొని తీరరక్షక దళాన్ని రంగంలోకి దింపిన తరువాతనే అది సన్నగిల్లినది.

బరంపురానికి సమీపంలో, గంజాం జిల్లాలో, రుషికుల్య నది సముద్రంలో కలుస్తుంది. ఆ ఇసుకతీరంలో తాబేళ్ళు సామూహికంగా గుడ్లు పెడతాయని 1994లో శాస్త్రజ్ఞులు లోకానికి తెలిపారు. "కనుగొన్నారు" అని గ్రంథాలు వ్రాస్తాయి గాని, ఆ ఒడ్డున వల లాగి బ్రతికేవారికి అది క్రొత్త సంగతి అయి ఉండదు. పురుణాబంధ, గోఖరకుద, పొదంపేట అక్కడి పల్లెలు. ఒడియా కుటుంబాలతోపాటు, తరాల క్రితం దక్షిణాన్నుండి వెళ్ళి స్థిరపడి నేటికీ ఇంట తెలుగు మాట్లాడుకొనే నోలియా బెస్తలు ఆ తీరాన నివసిస్తున్నారు. వారిలో పొదంపేటవారి ఇళ్ళను సముద్రమే కోసివేసినది. వారు వేరొకచోటికి తరలవలసి వచ్చినది. తమ నేలే నిలకడగా లేని మనుషులు తాబేలు గూటికి కాపలా కాశారన్నది నన్ను విశేషంగా ఆకర్షించిన విషయం.

ఆ యువకులు రుషికుల్య సముద్ర తాబేళ్ళ రక్షణ సంఘంగా ఏర్పడ్డారు. పని ఆర్భాటం లేనిది. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆడ తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుక కాళ్ళతో ఇసుక తవ్వి, ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెట్టి, గుంట పూడ్చి వెళ్ళిపోతాయి. కొన్ని సంవత్సరాలు గుంపులుగా రానేరావు. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చినట్లు లెక్కించారు. గ్రామస్థులు కుక్కలనూ నక్కలనూ తరుముతారు. దాదాపు 45 రోజులకు పిల్లలు వెలికివస్తాయి. ప్రకృతిలో అవి సముద్రపు మెరుపును చూసి అటు నడుస్తాయి. ఊరి దీపాలూ రహదారి దీపాలూ వెలుగుతుంటే పొరబడి లోపలికి వచ్చి తెల్లవారేసరికి కాకులపాలవుతాయి. అందుచేత తీరం వెంట వల కట్టి, దారి తప్పిన పిల్లలను బుట్టలతో, బకెట్లతో నీటిదాకా మోసుకొనిపోయి విడుస్తారు.

ఇక చిక్కు చెప్పాలి. మాంసపు వ్యాపారం సన్నగిల్లినా ట్రాలర్ వల వచ్చినది. తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించే ప్రాణి; గంటల తరబడి నీటి అడుగున వలలో చిక్కితే మునిగి చస్తుంది. అది బయటపడేందుకు వలలో అమర్చే ఇనుప చట్రం ఉన్నది. మన కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కూడా ఒక నమూనా తయారుచేసినది. రొయ్యలు జారిపోతాయని ట్రాలర్ యజమానుల గొణుగుడు. 1996లో అమెరికా, ఈ చట్రం వాడని దేశాల రొయ్యలు కొనబోమన్నది. మళ్ళీ అదే సీల్ నాటి ఆయుధం! భారతదేశం మరి మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసినది. 1998 తీర్పు అమెరికా నియమాన్ని అమలుపరచిన తీరును తప్పుపట్టినది. తాబేళ్ళను రక్షించే ఉద్దేశ్యాన్ని మాత్రం కాదు.

ఒడిశాలో నవంబరు 1 నుండి మే 31 వరకు నదీముఖాల వద్ద తీరంనుండి 20 కిలోమీటర్ల లోపు చేపల వేటపై నిషేధం విధిస్తున్నారు. ట్రాలర్‌ను ఆపవలసినదే. కాని చిన్న పడవవాని పొయ్యి కూడా దీనివల్ల చల్లారుతున్నదని మత్స్యకార సంఘాలు మొరపెట్టుకున్నవి. ప్రభుత్వం ఇచ్చే సహాయం ఏడు నెలల సంపాదనకు సరితూగదు. 2004లో మత్స్యకార ప్రతినిధులూ తాబేళ్ళ రక్షకులూ ఒకే వేదికపై కూర్చొని, రెండు పక్షాలకూ శత్రువు ఒడ్డుకు చేరువగా వచ్చే యాంత్రిక ట్రాలరేనన్న అవగాహనకు రావడం నా దృష్టిలో ఈ కథలోకెల్లా ముఖ్యమైన ఘట్టం. ఇన్యూట్ ప్రజలను ఆనాడు అలా పిలిచి కూర్చోబెట్టినవారు లేరు. అయినా నష్టపరిహారపు సమస్య తేలలేదు. కాపలా కాసేవాడే పస్తుండే పరిస్థితి పూర్తిగా తొలగలేదు.

మద్రాసులో కళాశాల విద్యార్థులు 1988లో ఒక బృందంగా ఏర్పడి, గుడ్లు పెట్టే కాలంలో రాత్రులు తీరం వెంట నడిచి, గూళ్ళు గుర్తించి, గుడ్లను కంచె వేసిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలో విడవడం మొదలుపెట్టారు. ఆ నడక ఇప్పటికీ సాగుతున్నది.

మన విద్యార్థులలో ఎవరైనా రుషికుల్య చూడదలిస్తే, గంజాం రైలు స్టేషను హౌరా - చెన్నై మార్గంలోనే ఉన్నది. పిల్లలు వెలికివచ్చేది సాధారణంగా ఏప్రిల్ ప్రాంతంలో. దురదృష్టవశాత్తు అది మన పరీక్షల కాలం. వెళ్ళినవారు అక్కడి కాపలాదారులను అడగకుండా ఇసుకమీదికి పోరాదు, టార్చిలైటు వెలిగించరాదు. తాబేలు పిల్లలు దానివెంటే నడచివస్తాయి.