నీడలో దాగిన ముఖాలు

సాల్మియా సముద్రతీరంలో ఉదయం సూర్యునికి ఎదురుగా ఫోటో తీస్తే, వెనుక నీరు ధగధగ మెరుస్తుంది. ముందు నిలిచిన పిల్లల ముఖాలు నల్లబడతాయి. స్వగ్రామంలోని తాతయ్యకు పంపదగినది కాదని కొత్తగా నేర్చుకునేవారు ఆ చిత్రాన్ని చెరిపివేస్తారు. అది ‘రా’ ఫైలైతే తొందరపడనవసరం లేదు.

సాధారణ జేపెగ్ చిత్రంలో ఒక్కొక్క రంగుకు 256 స్థాయిలే ఉంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384 స్థాయిలకు చోటుంది. అందువల్ల కంప్యూటర్‌లో నీడలను మాత్రమే కొంత వెలిగిస్తే ముఖకవళికలు బయటపడతాయి. మితిమీరితే మాత్రం ఆ నీడల్లో రంగురంగుల నలుసులు తేలుతాయి. ధూళి తెచ్చిన పసుపు ఛాయను వైట్ బ్యాలెన్స్‌తో సవరించవచ్చు.

అయితే పూర్తిగా తెల్లబడిపోయిన భాగంలో వివరమేదీ మిగలదు. దానిని ఏ సవరణా తిరిగి తేలేదు. కనుక తీసేటప్పుడు వెలుగును అదుపులో ఉంచుకోవాలి, నీడను తరువాత దిద్దుకోవాలి. ఎన్ని మార్పులు చేసినా మూలచిత్రం చెక్కుచెదరదు గనుక అభ్యాసానికి జంకనక్కరలేదు.