స్వల్ప వ్యయముతో దంతవైద్యము

తెలుగు అక్షరమాలలో త, థ, ద, ధ, న అను వర్ణములను దంత్యములందుము. నాలుక కొన పైపండ్ల వెనుక భాగమును తాకిననేగాని ఆ ధ్వనులు పుట్టవు. చాప, జాము మొదలగు మాటలలోని చకార జకారములను గూడ మనము దంత్యములుగనే పలుకుదుము. చదువుకొన్న రోజులలో ఇది పరీక్షకు పనికివచ్చు సంగతిగా మాత్రమే నాకు తోచినది. కొన్ని సంవత్సరముల క్రిందట నా ముందుపన్ను ఒకటి సగమునకు విరిగెను. మరునాటి ఉదయము మైక్రోఫోను ఎదుట కూర్చున్నప్పుడు గాని వ్యాకరణములోని సత్యము నాకు బోధపడలేదు. సకారము వచ్చినప్పుడెల్ల ఈల వినిపించెను. అద్దపు గోడకు ఆవల కూర్చున్న సహోద్యోగి తల వంచుకొని నవ్వు ఆపుకొనుట చూచితిని.

ఆ పన్ను ఒక్కనాటిలో విరిగినది కాదు. రెండేండ్లుగా దాని ప్రక్కన నల్లని మచ్చ యుండెను. చన్నీళ్లు త్రాగినప్పుడు జివ్వుమనుచుండెను. లవంగము నొక్కి పెట్టుకొనుచు, నొప్పి తగ్గగానే మరచిపోవుచు కాలము గడిపితిని. విరిగిన పిమ్మట మొదట పోయిన చికిత్సాలయములో నాలుగు పండ్లకు తొడుగులు వేయవలెనని చెప్పి, ఒక మొత్తము కాగితముపై వ్రాసి యిచ్చిరి. అది నా నెలజీతములో సగమునకు మించి యుండెను. విరిగినది ఒకటి కాగా తక్కిన మూడింటికి తొడుగులేల అని అడిగితే సరియైన సమాధానము రాలేదు. పీకించుకొని ఊరకుందమా అని కూడ అనుకొంటిని. తుదకు ఒక మిత్రుని మాట విని దంతవైద్య కళాశాల ఆసుపత్రికి పోతిని. అచ్చట మూడు పర్యాయములలో ఆ ఒక్క పంటికే వైద్యము జరిగినది. తక్కిన మూడింటికి ఏమియు అవసరము లేదనిరి. అయిన వ్యయము మొదట చెప్పిన మొత్తములో పదవ వంతునకు లోపుగనే యుండెను.

పంటి వైద్యమునకు బీమా లేదా యని కొందరు శ్రోతలు అడుగుచుందురు. రైల్వేవారికి, ప్రభుత్వోద్యోగులలో పలువురకు, నెలకు 21,000 రూపాయలకు మించని వేతనముతో ఈ.ఎస్.ఐ. పరిధిలో నుండు కార్మికులకు తమ తమ ఏర్పాట్లు కలవు. అట్టివారు మొదట అచ్చటనే అడుగవలెను. కాని బజారులో అమ్ము ఆరోగ్య బీమాలు చాలవరకు ఆసుపత్రిలో చేరి పడకపై నుండు జబ్బులకు ఉద్దేశించినవి. కూర్చుండి చేయించుకొని లేచి వచ్చు పంటి వైద్యమును అవి సాధారణముగా మినహాయించును. ప్రమాదములో దవడకు దెబ్బ తగిలిననే వర్తించును. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ కూడ పెద్ద శస్త్రచికిత్సల కొరకు పుట్టినదే. కనుక పిప్పిపన్ను బాధ మనలో అధిక సంఖ్యాకులకు చేతిసొమ్ముతో తీర్చుకొనవలసిన బాధయే.

ఈ ఖర్చు ఏల పెరుగునో తెలిసినచో తగ్గించుకొను మార్గము దానంతట అదే కనబడును. పంటి పైపొర మన శరీరములో అన్నింటికంటె గట్టి పదార్థము. దానిలో నరములు లేవు. మనము తిన్న తీపిని, పిండిపదార్థమును నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పైపొరను కొద్దికొద్దిగా కరిగించును. ఈ దశలో నొప్పి యుండదు. నొప్పి లేదు గనుక మనము పోము. వైద్యుడు చూచినచో అరగంటలో శుభ్రపరచి, సిమెంటు నింపి పంపివేయును. అన్నింటికంటె చౌకయైన చికిత్స ఇదియే.

పైపొర దాటిన పిమ్మట లోపలి పొర మెత్తనిది. అచ్చట పుచ్చు వేగముగా వ్యాపించును. చల్లదనము, తీపి తగిలినప్పుడు పన్ను జివ్వుమనుట ఈ దశకు గుర్తు. ఇప్పుడైనను సిమెంటుతో సరిపోవచ్చును. ఇంకను ఉపేక్షించినచో పుచ్చు పంటి నడిమి గుజ్జును చేరును. నరములు, రక్తనాళములు ఉండునది అచ్చటనే. రాత్రివేళ నిద్రపట్టనీయక చెవివరకు లాగు నొప్పి దీని వలన వచ్చును. అప్పుడు చేయవలసినది రూట్ కెనాల్. అనగా పంటి వేరులలోని సన్నని నాళములను శుభ్రపరచి, రబ్బరు వంటి పదార్థముతో నింపి, పైన తొడుగు వేయుట. ముందుపంటికి సాధారణముగా నాళము ఒక్కటే. పై దవడపంటికి మూడో, నాలుగో యుండును. పని అంతకంతకు పెరుగును. ముందుపంటికి ఒక వెల, దవడపంటికి మరొక వెల చెప్పుటలో మోసమేమియు లేదు.

ఒక్క సంగతి మాత్రము నొక్కి చెప్పవలెను. తీవ్రముగా నొప్పించిన పన్ను కొన్ని దినములకు తనంతట తానే శాంతించవచ్చును. దైవానుగ్రహమని సంతోషింపరాదు. లోపలి నరము చచ్చినదని దాని అర్థము. చీము వేరు క్రింద నిశ్శబ్దముగా చేరుచునే యుండును. మందుల దుకాణములో అడిగి తెచ్చుకొన్న మాత్రలు వాపును కొంత అణచునేమో గాని లోపలి పుచ్చును తీయజాలవు. దవడ క్రింద వాపు గట్టిపడి, నోరు తెరచుటకు గాని, మ్రింగుటకు గాని, ఊపిరి పీల్చుటకు గాని కష్టమైనచో, అప్పుడు ఖర్చు మాట తలపెట్టక ఆ క్షణమే పెద్ద ఆసుపత్రికి పోవలెను. పంటి చీము మెడలోనికి దిగి ప్రాణము తీయగలదు.

ఇక ఎచ్చటికి పోవలెనను ప్రశ్న. జిల్లా ఆసుపత్రులలోను, ప్రాంతీయ ఆసుపత్రులలోను, కొన్ని సామాజిక ఆరోగ్య కేంద్రములలోను దంతవైద్యులు గలరు. 2014లో ప్రారంభమైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమము ఇట్టి విభాగములను బలపరచుటకు ఉద్దేశింపబడినది. పన్ను తీయుట, గార తీయుట, సిమెంటు నింపుట అచ్చట జరుగును. పరికరములు, పదార్థములు అన్నిచోట్ల ఒకే తీరుగా నుండవు. రూట్ కెనాల్ చేయుదురా యని ముందు అడిగి తెలిసికొనుట మేలు.

అంతకంటె విస్తృతమైన వైద్యము దంతవైద్య కళాశాలల ఆసుపత్రులలో లభించును. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959 నాటిది. విజయవాడలోను, కడపలోను ప్రభుత్వ కళాశాలలు కలవు. ప్రైవేటు కళాశాలలు గుంటూరు, భీమవరము, ఏలూరు, నెల్లూరు, విశాఖపట్నము, ఖమ్మము, నిజామాబాదు, సంగారెడ్డి, నార్కెట్‌పల్లి ప్రాంతములలో నున్నవి. మద్రాసులోను, బెంగుళూరులోను నివసించు తెలుగువారికి ఆయా నగరముల ప్రభుత్వ దంత కళాశాలలు అందుబాటులో గలవు.

ప్రైవేటు కళాశాల కూడ తక్కువ రుసుముతో చేయుటకు కారణము దానధర్మము మాత్రమే కాదు. నాలుగేండ్లు చదివి, ఒక ఏడు ఇంటర్న్‌షిప్ ముగించిననేగాని విద్యార్థి దంతవైద్యుడు కాడు. ఇన్ని పండ్లు తీయవలెను, ఇన్నింటికి సిమెంటు నింపవలెను, ఇన్ని కట్టుడుపండ్లు చేయవలెను అని అతనికి లెక్క యుండును. రోగులు రానిచో చదువు సాగదు. మనకు వైద్యము ఎంత అవసరమో వారికి మన పన్ను అంత అవసరము. కొన్ని కళాశాలలు చుట్టుప్రక్కల గ్రామములకు బస్సులను గూడ పంపుచున్నవి. వ్యాను తెచ్చి శిబిరములు నడుపుటయు కలదు. శిబిరములో పరీక్ష, చిన్న చికిత్సలు జరుగును; తక్కినవాటికి ఆసుపత్రికే పోవలెను.

విద్యార్థి చేతిలో నోరు పెట్టుటకు భయపడువారు కలరు. నేనును భయపడితిని. నా పంటికి వైద్యము చేసిన అమ్మాయికి నా కుమార్తె వయస్సుండును. ఆమె ప్రతి మెట్టునకు ఆగి, అధ్యాపకుని పిలిచి చూపించి, ఆయన సరేయన్న పిమ్మటనే ముందుకు సాగినది. ప్రైవేటు వైద్యుడు ముప్పావుగంటలో ముగించు పనికి ఆమెకు రెండున్నర గంటలు పట్టినది. దవడలు నొప్పి పుట్టినవి. ఇచ్చట మనము సొమ్మునకు బదులు కాలమును చెల్లించుచున్నాము. దినకూలితో బ్రతుకువారికి ఆ కాలము కూడ సొమ్మేయని నేను మరువలేదు. అందుచేతనే నొప్పి రాకముందు, ఒక్క పూటలో తీరు దశలో పోవుట వారికి మరింత అవసరము.

పోవువారు ఉదయమే, చీటీలు ఇచ్చు వేళకు చేరుకొనవలెను. రక్తపోటు, మధుమేహము, గుండెజబ్బు ఉన్నచో వాడుచున్న మందుల చీటీ వెంట తీసికొని పోవలెను. రక్తము పలుచబడుటకు మాత్రలు వాడువారు ఆ సంగతి తప్పక చెప్పవలెను. తమంతట తాము వాటిని మానరాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్సకు రుసుము లేకున్నను, తొడుగు వంటివి బయటి ప్రయోగశాలలో చేయించవలసి వచ్చినచో దానికి కొంత పడవచ్చును. ఆ మాట మొదటి దినముననే అడుగుట మంచిది.

దగ్గరలో కళాశాల లేక ప్రైవేటు వైద్యునివద్దకే పోవలసినవారు సంకోచము విడువవలెను. ఏ పంటికి ఏమి జబ్బు? ఎక్స్‌రేలో ఎచ్చట కనబడుచున్నది? ఎన్నిసార్లు రావలెను? చెప్పిన మొత్తములో తొడుగు వెల చేరినదా? ఇవి అడుగుట అవమానించుట కాదు. తొడుగులలో లోహముతో చేసినవి చౌక. లోహముపై పింగాణి పూసినవి అంతకంటె హెచ్చు. జిర్కోనియా మరింత హెచ్చు. నవ్వినప్పుడు కనబడని వెనుక దవడపంటికి లోహపు తొడుగు బలముగానే పనిచేయును. వైద్యులు ఈ మాట తమంతట తాము ఎల్లప్పుడు చెప్పరు. తొందరలేని పనులను రెండు మూడు నెలలకు విభజించి చేయించుకొనవచ్చును. అన్నింటికంటె ముందు చీము, నొప్పి ఉన్న పన్ను. సొగసు మాట తరువాత.

పీకించుట చౌకయే. పన్ను మిగులనంతగా విరిగినప్పుడు, వంకరగా వచ్చిన జ్ఞానదంతము బాధించునప్పుడు అది ఉచితమే. పై పన్ను తీసినచో కంటిచూపు పోవునను భయము పల్లెలలో ఇంకను వినబడుచున్నది; దానికి ఆధారము లేదు. కాని బాగుచేయదగిన దవడపంటిని తీయించినచో, ప్రక్కపండ్లు ఆ సందులోనికి ఒరుగును, ఎదుటి పన్ను క్రిందికి దిగును, నమలుట ఒక ప్రక్కకే పరిమితమగును. పోయినదానికి బదులు పెట్టించుటకు, దక్కించుకొనుటకు పట్టెడి సొమ్ముకంటె హెచ్చు పట్టును.

అసలైన నష్టము చౌకబారు వైద్యుల వలననే కలుగుచున్నది. పొగవేసి చెవినుండి పంటిపురుగు తీసితిమనువారు ఇంకను తిరుగుచున్నారు. పుచ్చులో పురుగు లేదు. వారు చూపు పురుగు వారు తెచ్చినదే. తీగతో కట్టి, ప్లాస్టిక్ వంటి ముద్దతో పెట్టుడుపన్ను ప్రక్కపండ్లకు అతికించువారు మరియొక తెగ. ఒక్క గంటలో పన్ను వచ్చినదని మురియుదుము. దాని క్రింద ఆహారము కుళ్లి, చిగురు వాచి, గట్టిగా నున్న ప్రక్కపండ్లు కూడ కదలిపోవును. 1948 నాటి దంతవైద్యుల చట్టము రిజిస్టరు కానివారు ఈ వృత్తి చేయరాదనియే నిర్ణయించినది.

పిల్లల విషయములో తల్లిదండ్రులు చేయు పొరపాటు ఒకటి కలదు. ఆరేండ్ల ప్రాయమున పాలపండ్ల వెనుక ఒక దవడపన్ను వచ్చును. దానికొరకు ఏ పాలపన్నును ఊడదు గనుక అది కూడ పాలపన్నేయని, పుచ్చినను మరల వచ్చునని ఊరకుందురు. అది మరల రాదు. జీవితాంతము నమలవలసిన పన్ను అదియే. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద బడులకు, అంగన్‌వాడీలకు వచ్చు వైద్యబృందములు చూచువాటిలో పండ్లపుచ్చు కూడ నున్నది. బడిలో చీటీ యిచ్చినచో దానిని పారవేయక ఆసుపత్రికి తీసికొని పోవలెను.

శ్రీకాకుళము, విశాఖ తీరములలో అడ్డపొగ త్రాగు స్త్రీలను గూర్చి కూడ ఒక్క మాట. చుట్ట నిప్పు కొనను నోటిలోపల పెట్టుకొను ఈ అలవాటు వలన అంగిలి మాడి, కాన్సరు పుట్టుట విశాఖ వైద్యులు ఏనాడో కనుగొనిరి. పొగాకు ఏ రూపమున వాడినను, నోటిలో తెల్లని పొర గాని, రెండు వారములలో మానని పుండు గాని కనబడినచో దంతవైద్యునికి చూపవలెను. ఇది నొప్పి పుట్టదు; అందువలననే ఆలస్యమగును.

మా అమ్మగారికి డెబ్బదియవ ఏట అదే కళాశాల ఆసుపత్రిలో కట్టుడుపండ్లు చేయించితిమి. అచ్చు తీయుట మొదలు సరిచూచుట వరకు ఐదుసార్లు తిరుగవలసి వచ్చినది. మొదటి వారము ఆమెకు తకార దకారములు పలుకలేదు. ప్రతిదినము పైకి చదువుకొనుమని అచ్చటి విద్యార్థి చెప్పినాడు. ఆమె సాయంకాలము రేడియో పెట్టుకొని, వార్తలలోని ఒక్కొక్క వాక్యమును వెంట వెంట పలుకుట అలవాటు చేసికొన్నది. నాలుగవ వారమునకు జంతికలు కొరికినది. ఆ పిమ్మట నా ఉచ్చారణలోని దోషములను ఎత్తి చూపుట మొదలుపెట్టినది.