రివాల్వర్‌కి చుక్క నూనె చాలు

ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు తుపాకులున్న చాలామంది వాటిని పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకుంటారు. నెలలు గడిచాక తిరిగొచ్చిన రివాల్వర్ మీద అక్కడక్కడ ఎర్రగా తుప్పు చుక్కలు కనిపించవచ్చు. అది చూసి కంగారుపడి, ఇంట్లో ఏ నూనె దొరికితే అది పోసేసేవాళ్లున్నారు. పై తుప్పుదేముంది, తుడిస్తే పోతుంది. లోపలికి దిగిన నూనెతోనే అసలు చిక్కు.

మన దేశంలో లైసెన్సుదారుల దగ్గర తరచూ కనిపించేది కాన్పూరు ప్రభుత్వ కర్మాగారాల్లో తయారైన .32 బోరు రివాల్వర్. 2014లో మహిళల కోసమంటూ వచ్చిన నిర్భీక్ కూడా ఈ కోవలోదే. పాత బ్రిటిష్ వెబ్లీ పద్ధతిలో వీటి గొట్టం ముందుకు వంగి తెరుచుకుంటుంది. అలా వంచినప్పుడు సిలిండర్ వెనక ఉన్న నక్షత్రం ఆకారపు బిళ్ల పైకి లేచి, ఆరు గదుల్లోని డొల్లలనూ బయటికి నెడుతుంది. ఈ బిళ్లను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

శుభ్రం చేయడానికి కూర్చునే ముందు తూటాలన్నీ తీసి వేరే గదిలో పెట్టి రండి. సిలిండర్‌లోని ఆరు గదుల్లోకీ కంటితో చూడండి, వేలితో కూడా తడిమి చూడండి. ‘ఖాళీదే అనుకున్నా’ అన్నాక ఎవరూ చేయగలిగింది లేదు. పని కిటికీ పక్కన, గాలి ఆడేచోట చేయాలి, వంటింట్లో మాత్రం కాదు. తూటాల సీసం, మందు మసి చేతులకు అంటుతాయి. పని కాగానే సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినాలి.

మొదట గొట్టం. గొట్టం సిలిండర్‌తో పాటు ముందుకు వంగుతుంది కాబట్టి ఇందులో రాడ్డును వెనకవైపు నుంచే, ఒక గది గుండా, దూర్చవచ్చు. ఇదో సౌకర్యం. సిలిండర్ పక్కకు తెరుచుకునే రకాల్లో రాడ్డు మూతివైపు నుంచి పోక తప్పదు. అక్కడ రాడ్డు మూతి అంచుకు రాసుకుంటూ పోతే గురి చెడవచ్చు. సాల్వెంట్‌లో తడిపిన కంచు బ్రష్షును నాలుగైదుసార్లు ఈ చివరి నుంచి ఆ చివరికి లాగి, కాసేపు నానబెట్టి, మసి రాకుండా పోయేవరకు పాత బనియన్ గుడ్డముక్కలతో తుడవాలి. గదులనూ అలాగే చేయాలి. నికెల్ పూత ఉన్న రివాల్వర్‌కైతే అమ్మోనియా కలిసిన సాల్వెంట్ వాడకూడదు, పూత లేచిపోవచ్చు. సిలిండర్ ముందువైపు గదుల చుట్టూ నల్లటి వలయాలు పడతాయి. అవి పనికేమీ అడ్డు రావు. వాటిని పోగొట్టాలని గరుకు కాగితంతో రుద్దితే పోయేది మసి కాదు, లోహం.

ఇక ఆ నక్షత్రపు బిళ్ల. సరిగా కాలని మందు పలుకులు దాని కిందికి చేరతాయి. ఇసుక రేణువంత పలుకు ఇరుక్కున్నా బిళ్ల పూర్తిగా కిందికి కూర్చోదు. అప్పుడు తూటాలు కాస్త వెనక్కి జరిగి, సిలిండర్ తిరగనని మొరాయిస్తుంది, ట్రిగ్గర్ బిగుసుకుంటుంది. లోపలి యంత్రం చెడిందని దుకాణానికి పరిగెడతారు గానీ, చాలాసార్లు కారణం ఇదే. బిళ్లను పైకెత్తి పట్టుకుని దాని అడుగునా, అది కూర్చునే గుంటలోనూ పాత టూత్‌బ్రష్‌తో పొడిగా దులపండి. అక్కడ నూనె రాయొద్దు. జిగురున్నచోటే పలుకులు అంటుకుంటాయి.

నూనె కావలసింది రాపిడి ఉన్నచోట మాత్రమే: గొట్టం వంగే కీలు, సిలిండర్ తిరిగే ఇరుసు, హామరూ ట్రిగ్గరూ లోపలికి పోయే సందులు. ఒక్కోదానికి ఒక్క చుక్క, అదీ సూది మొనతో. తుపాకీ నూనె దొరక్కపోతే కుట్టుమిషను నూనె పనికొస్తుంది. కొబ్బరి నూనె మాత్రం వద్దు. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరే గడ్డకట్టేదాన్ని హైదరాబాదు చలికాలంలో తుపాకీలో పోయడమెందుకు? డబ్ల్యూడీ-40 చెమ్మను తరుముతుంది, నిజమే. కానీ నెలల తరబడి కందెనగా నిలవదు. పైగా ఇలాంటి పలచటి ద్రవం తూటా అడుగున ఉండే ప్రైమర్‌లోకి ఇంకిందంటే ఆ తూటా పేలకపోవచ్చు. అందుకే తూటాలు పెట్టే ముందు గదులూ గొట్టమూ పొడిగుడ్డతో పూర్తిగా తుడవాలి. గది గోడలకు నూనె ఉంటే డొల్ల గోడను పట్టుకోలేక వెనక్కి గట్టిగా తన్నుతుంది కూడా.

పైభాగానికి నూనెగుడ్డతో ఓ పలచటి తుడుపు సరిపోతుంది. విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో నెలకోసారైనా ఇది చేయాలి. తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచేసే అలవాటు మానాలి. తోలు చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది, దానికి తోడు తోలును పదును చేయడానికి వాడిన రసాయనాలు. గుడ్డసంచీ, అందులో సిలికా పొట్లం మేలు.

చివరగా ఖాళీ రివాల్వర్‌ను మూసి, సురక్షితమైన వైపు తిప్పి, హామర్‌ను మెల్లగా వెనక్కి లాగండి. సిలిండర్ ఒక్కో గదికీ వచ్చి ‘టక్’మని నిలవాలి. నిలిచాక బాగా ఊగినా, ఏ గది దగ్గరైనా నిలవకపోయినా అది నూనెతో బాగయ్యేది కాదు. లోపలి పలక మరలు మీరు విప్పకండి. లైసెన్సు పుస్తకంతో సహా లైసెన్సున్న ఆయుధాల దుకాణానికి తీసుకెళ్లండి. అది బాగయ్యేదాకా అందులో తూటా పెట్టకండి.