తింటూ నడిస్తే తెలిసే హోసూరు

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో బెలేం అని ఒక పేట ఉంది. పొరలు పొరలుగా విరిగే పిండిగిన్నెలో గుడ్డుసొన, పాలమీగడ పోసి, పైన నల్లటి మచ్చలు పడేదాకా కాల్చే తీపి వంటకం ఒకటి అక్కడ 1837 నుంచి ఒకే దుకాణంలో అమ్ముతున్నారు. ఆ ఊళ్లో తిండి నడకకు వెళ్తే గైడు పదిమందిని వెంటబెట్టుకుని మూడు నాలుగు గంటలు సందుల్లో తిప్పుతారు. ఆగిన ప్రతి చోటా నోట్లోకి రెండు ముద్దలు, చెవిలోకి ఒక కథ. మఠాల్లో బట్టలకు గంజి పెట్టడానికి గుడ్డు తెల్లసొన వాడేవారనీ, మిగిలిపోయిన పచ్చసొనతో ఈ తీపి పుట్టిందనీ, 1834లో మఠాలు మూతపడ్డాక అది బజారుకొచ్చిందనీ చెబుతారు. తినేవాడికి ఊరి చరిత్ర తెలియకుండానే వంటబడుతుంది.

ఆ బెలేం రేవు నుంచే 1497 జూలైలో వాస్కో డ గామా ఓడలు బయల్దేరాయి. మరుసటి ఏడాది మే నెలలో అవి కోళిక్కోడు తీరానికి చేరాయి. ఆ తర్వాతి పోర్చుగీసు ఓడలతోపాటే అమెరికా ఖండపు మిరపకాయ మన నేల మీద దిగింది. ఇవాళ హోసూరులో రాగిముద్ద పక్కన ఎర్రగా కూర్చున్న కారం ఆ ప్రయాణపు తునకే. లిస్బన్ కథ చెప్పడానికి అక్కడ గైడ్లున్నారు. ఆ కథ వచ్చి ఆగిన ఈ చివర, మన హోసూరులో, చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఈ ఊరికి తిండి నడక కావాలి. ఈ కథనం దాని కోసమే.

బెంగళూరు నుంచి నలభై కిలోమీటర్లు, తమిళనాడు అంచున. 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లేవాళ్లకు కనిపించేది ఫ్లైఓవరు, లారీల వరస, ఫ్యాక్టరీల గోడలు. లారీలు, మోటారు సైకిళ్లు, గడియారాలు తయారయ్యే ఊరనే దీనికి పేరు. గుట్ట మీద చంద్రచూడేశ్వరుడు కనిపిస్తే కారులోంచే దండం పెట్టి సాగిపోతారు. దిగి నడిచినవాళ్లకు మాత్రం మూడు భాషల మధ్య కుదురుకున్న ఒక పాత పేట, దాని చుట్టూ మొరసునాడు అని పెద్దలు పిలుచుకునే మెట్ట సీమ కనిపిస్తాయి. రాగి, ఉలవ, అనప పండే సీమ ఇది. నీళ్లున్న చోట టమాటా, క్యాబేజీ, కొత్తిమీర, గులాబీ.

నడక పొద్దున్నే మొదలవ్వాలి, అదీ ఉళవర్ సందైలో. రైతు నేరుగా అమ్ముకునే ఈ సంతలను తమిళనాడు 1999 నవంబరులో మొదలుపెట్టింది. అదే ఏడాది జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు తెరుచుకున్నాయి. సరిహద్దుకు రెండు పక్కలా ఒకే ఏడాది ఒకే ఆలోచన నడిచింది. గుర్తింపు కార్డున్న రైతే అమ్మాలి, ధర బోర్డు మీద రాయాలి. బాగలూరు, బేరికె, కెలమంగలం, తళి వైపు నుంచి చీకటితోనే మూటలు దిగుతాయి. కూరగాయలకన్నా ముందు ఇక్కడ మాటలు వినాలి. ఒక అక్క ముందు నిల్చుంటే చాలు, వచ్చినవాడి మొహం చూసి తమిళంలో ధర చెబుతుంది, పక్కవాడికి కన్నడంలో చిల్లర లెక్క చెబుతుంది, వెనక్కి తిరిగి కూతురిని తెలుగులో కేకేస్తుంది. ఎక్కడా తడుముకోదు. లిస్బన్ గైడు కూడా తన ఊళ్లో ఇట్లాంటి దృశ్యాన్ని చూపించలేడు.

మార్గశిర, పుష్య మాసాల్లో ఈ సంతను అనపకాయ ఏలుతుంది. మంచు కురిసే కొద్దీ కాయ మీద జిడ్డులాంటి పొర పడుతుంది. ఒలిచిన చేతికి ఆ వాసన సాయంత్రం దాకా వదలదు. వాసన లేని కాయను ఇక్కడివాళ్లు కొనరు. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, పెదవి విరిచి పక్క గంప దగ్గరికి వెళ్లిపోతారు.

“మంచులో తడిసిన కాయ నాయినా, తెల్లారి కోసుకొచ్చినాం. వాసన చూసి తీసుకో,” అంటుంది గంప ముందున్న అవ్వ.

గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఒక్కో గింజనూ వేళ్ల మధ్య పట్టి పితికితే తోలు చేతిలో మిగులుతుంది, పప్పు గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. కిలో గింజలు పితకాలంటే ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. అందుకే ఇది ఒంటరిగా వండుకునే కూర కాదు. ధనియాలు, కొబ్బరి, లవంగం, చెక్క, పచ్చిమిరప నూరి పోసిన పితికిపప్పు పులుసులో రాగిముద్ద తుంచి ముంచితే, ఆ చలికాలానికి ఇంకేమీ అక్కర్లేదు. చిత్తూరు, కోలారు, హోసూరు మూడు రాష్ట్రాల్లో ఉన్నా, జనవరి నెలలో మూడింటి వంటిళ్లలోనూ ఒకే వాసన. బెంగళూరులో ఏటా చలికాలంలో జరిగే అవరేకాయ (అనపకాయ) మేళాకు జనం ఎగబడతారు. అక్కడ దోసెలో, వడలో, చివరికి జిలేబీలో కూడా అనప వేస్తారు. మేళా ముచ్చటే. కానీ ఆ గింజ పెరిగిన చేను గట్టు మీద, అది పితికిన చేతుల పక్కన కూర్చుని తినడం వేరు. ఆ అవకాశం హోసూరుకు ఉంది, బెంగళూరుకు లేదు.

సంత నుంచి మెస్సుకు. రాగిముద్ద తినడం కొత్తవాళ్లకు నేర్పాలి, ఇది గైడు చెయ్యాల్సిన మొదటి పని. నమలకూడదు. గోళీ అంత తుంచి, పులుసులో పొర్లించి, జారవిడవాలి. వండేటప్పుడు చూడగలిగితే ఇంకా మంచిది. మరిగే ఎసట్లో పిండి కుప్పగా పోసి, నడుమ తెడ్డుతో గుంట చేసి మూత పెడతారు. పిండి లోపలిదాకా ఉడికాక దించి, గిన్నెను కాళ్ల మధ్య అదిమిపట్టి తెడ్డుతో గిరగిర కెలుకుతారు. ఉండ కట్టిందా, పని చెడినట్టే. తడి చేత్తో గుండ్రంగా చేసి పళ్లెంలో దించితే ముద్ద మీద వేలిముద్రలు కూడా కనబడకూడదు. పక్కన మొలకెత్తిన ఉలవల సారో, ఆకుకూర ఉడికించి వంచిన నీళ్లతో చేసే బస్సారో, ఆదివారమైతే నాటుకోడి పులుసో.

ఈ ముద్ద కూడా దూరం నుంచి వచ్చిందే. రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తయిన నేలలు. వేల ఏళ్ల కింద సముద్రం దాటి మన మెట్టకు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో కర్ణాటక శాస్త్రవేత్త లక్ష్మణయ్య మన రాగినీ ఆఫ్రికా రాగినీ మళ్లీ కలిపి ‘ఇండాఫ్’ రకాలు సృష్టించారు. దిగుబడి బాగా పెరిగింది, రాగి బ్రహ్మ అని రైతులు ఆయన్ను తలుచుకుంటారు. నూరు గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో దాని వంతు ఎంత అని వెతకనే అక్కర్లేదు. ఇంత ఉన్నా, అరవై డెబ్బైల తర్వాత రేషన్ బియ్యం వచ్చిన చాలా ఇళ్లలో రాగి పేదల తిండిగా వెనక్కి జరిగింది. ఇప్పుడు చక్రం తిరిగింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం నీలగిరి, ధర్మపురి జిల్లాల రేషన్ దుకాణాల్లో రాగులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎప్పుడూ రాగిని వదలని మొరసునాటి అవ్వలకు దీంట్లో కొత్తేమీ లేదు. రాగి మీద వాళ్ల నమ్మకాన్ని ఈ నడకలో గౌరవించాలి.

మెస్సులో పళ్లెం ముందు కూర్చున్నప్పుడే సరిహద్దు కథ కూడా చెప్పుకోవాలి. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు చేతి నుంచి బారామహల్ సీమ, అంటే కృష్ణగిరి ప్రాంతం, కుంపిణీకి పోయింది. అలెగ్జాండర్ రీడ్, థామస్ మన్రో రైతుల దగ్గర నేరుగా శిస్తు కట్టించుకునే పద్ధతిని తీర్చిదిద్దుకున్నది ఇక్కడే. తర్వాత మన్రో దాన్నే రాయలసీమకు తీసుకెళ్లాడు. మన పెద్దలు శిస్తు కట్టిన తీరుకు మొదటి పాఠం కృష్ణగిరి చేలల్లో రాశారన్నమాట. భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర, మద్రాసుల మధ్య కొన్ని ప్రాంతాలు చేతులు మారాయి. తిరుత్తణి అటు పోయింది, చెంగల్పట్టు, సేలం జిల్లాల నుంచి కొన్ని ఊళ్లు ఇటు వచ్చాయి. హోసూరు కదల్లేదు. 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరైంది. పదో తరగతి పరీక్షలో తెలుగు రాసుకోనివ్వమని ఇక్కడి పిల్లల తరఫున కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. హోసూరు రచయితలు తమ యాసలోనే కథలు రాసి పుస్తకాలుగా తెచ్చారు. కానీ బళ్లో అక్షరం పట్టు సడలుతున్నప్పుడు భాషను రోజూ నిలబెడుతున్నది వంటిల్లే. పులుసు, కారం, తాలింపు, సంగటి, ఓళిగ అనే పేర్లు పలకకుండా ఆ ఇంట్లో పూట గడవదు. ఈ నడక తెలుగువాళ్ల చేతిలో ఉండాలని నేను కోరుకునేది అందుకే.

తిని లేచాక తేరుపేట వైపు నడిస్తే గుట్ట నీడ వస్తుంది. ఎక్కగలిగినవాళ్లు ఎక్కాలి. పైనుంచి చూస్తే ఒక పక్క చెరువు, ఒక పక్క ఫ్యాక్టరీల కప్పులు, దూరంగా గులాబీ తోటల పాలిథీన్ గుడారాలు. ఫిబ్రవరి ప్రేమికుల రోజుకు ఈ గులాబీలు విమానమెక్కి విదేశాలకు పోతాయి. మరో పక్క మత్తిగిరి. 1824లో అక్కడ మొదలైన పశుక్షేత్రం ఇవాళ్టికీ ఉంది. అటు కొంత దూరంలో తొరపల్లి. 1878లో రాజాజీ పుట్టిన ఊరు. ఆయన 1930 ఏప్రిల్‌లో తిరుచ్చి నుంచి వేదారణ్యం దాకా ఉప్పు కోసం నడిచారు. హోసూరు బిడ్డ నడిచిన అతి పెద్ద తిండి నడక అదే. ఆ మాట గుట్ట మీద నిలబడి చెబితే ఎంత బాగుంటుంది!

మధ్యాహ్నం దాటాక బేకరీ. హాసన జిల్లా నుంచి వచ్చిన అయ్యంగార్లు బెంగళూరులో మొదలుపెట్టిన బేకరీలు ఈ రోడ్డు పొడవునా పాకాయి. కారం, ఉల్లిపాయ, పచ్చిమిరప కలిపిన బన్ను, కొబ్బరి నింపిన దిల్‌పసందు, తేనె కేకు. ఐరోపా రొట్టె మన నాలుక దగ్గర ఎలా లొంగిందో చూడాలంటే ఆ ఖారా బన్ను చాలు. సాయంత్రం బండి దగ్గర తట్టు వడ సెట్టు. రెండు కరకరలాడే చెక్కల మధ్య బీట్‌రూట్, క్యారెట్ తురుము, ఉల్లిపాయ, పచ్చడి. సేలం చిరుతిండి అది. 1965 దాకా హోసూరు సేలం జిల్లాలోదే కదా, ఆ చుట్టరికం నాలుక మీద ఇంకా చెరగలేదు.

రాత్రికి బిర్యానీ. ఉత్తరాన బెంగళూరు దొన్నె బిర్యానీ, తూర్పున కృష్ణగిరి దాటి చెన్నై దారిలో ఆంబూరు బిర్యానీ. ఒకటి ఆకుదొప్పలో పచ్చగా వస్తుంది, రెండోది వంకాయ కూర తోడుగా ఎర్రగా వస్తుంది. రెండింటిలోనూ జీలకర్రంత సన్నటి బియ్యమే. హోసూరు రెంటి మధ్య కూర్చుని రెంటినీ తింటుంది. షిఫ్టు దిగిన కార్మికులతో ఆ వేళ వీధి నిండిపోతుంది. ఒడిశా, బిహార్, బెంగాల్ కుర్రాళ్లు రొట్టెల బండ్ల దగ్గర నిలబడతారు. వాళ్ల తిండిని కూడా ఈ ఊరి తిండిగానే లెక్కపెట్టాలి. మిరపకాయ వచ్చి మనదైనట్టే అదీ అవుతుంది.

వేసవిలో అయితే దారి కృష్ణగిరికి మళ్లాలి. కావేరిపట్నం, సంతూరు మామిడి తోటలు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు. పచ్చికాయను చీరి ఉప్పుకారం చల్లి ఇస్తే ఎండ కూడా రుచిగానే ఉంటుంది. ఏటా కృష్ణగిరిలో జరిగే మామిడి ప్రదర్శనలో రకరకాల కాయలు బల్లల మీద వరసగా పేరుస్తారు. కానీ గిట్టుబాటు ధర పడిపోయిన ఏడాది రైతు మొహం ఎలా ఉంటుందో తోటలోనే తెలుస్తుంది. గైడు ఆ మాట దాచకూడదు. తిండి చూపించి పండించినవాడి గోడు చెప్పని నడక నాకు వద్దు.

ఐరోపాలో ఇలాంటి నడకలు బతకడానికి ఒక కారణం ఉంది. గైడు ఆగే ప్రతి దుకాణానికీ ఆ రెండు ముద్దల డబ్బు ముందే ముడుతుంది. ఇక్కడా అంతే జరగాలి. పితికిపప్పు చేసే అక్కకు, ముద్ద కెలికే అవ్వకు, తోటలో కాయ కోసి ఇచ్చే రైతుకు వాళ్లు చెప్పిన ధర ముట్టాలి. ఎక్కడ ఆగాలో, ఎంతమంది రావచ్చో వాళ్లే నిర్ణయించాలి. వంటింటి ముందు పాతిక మంది కెమెరాలతో నిలబడితే ఏ ఇల్లాలైనా తలుపేసుకుంటుంది. ఎనిమిది మంది చాలు. బెంగళూరులో స్థిరపడిన హోసూరు పిల్లలు వారాంతాల్లో ఊరికి వస్తూనే ఉంటారు. మూడు భాషలూ వాళ్లకు వచ్చు, నానమ్మ వంటా తెలుసు. వాళ్లలో ఇద్దరు ముందుకొస్తే, వచ్చే సంక్రాంతి అనపకాయ దిగేలోపు మొదటి నడక పెట్టొచ్చు.