ఒక మడి కోసి ఊరి పంట చెప్పుట యెట్లు?

మన సంఘ సభ్యులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి గలదు. "ఊరిలో నాలుగు చోట్ల తాడు పట్టి కోసి, ఊరంతటి పంట యింతయని వ్రాయుట న్యాయమా? మా చేను వారు చూడనే లేదు గదా!" ఇది వట్టి కుతూహలము చేత నడుగు ప్రశ్న కాదు. ప్రధాన మంత్రి ఫసల్ బీమా యోజన 2016లో వచ్చినది. అది యమలులో నున్న రాష్ట్రములలో, ప్రధాన పంటలకు గ్రామ పంచాయతీ ప్రమాణముగా నున్నచోట, కనీసము 4 కోతప్రయోగములు జరుపవలయునని నియమము. ఆ కోతల సగటు ఉన్నదానికంటె హెచ్చుగా పడినచో, నష్టపడిన రైతునకు పరిహారము తగ్గును, లేదా బొత్తిగా రాదు. కావున ఆ కోత యెట్లు జరుగవలయునో సభ్యులందరు నెరిగియుండుట మేలు.

మొదట కోత పుస్తకములో వ్రాయునవి యెట్టివో చూతము. వరి రకము బి.పి.టి. 5204 అనియు, ఎం.టి.యు. 1010 అనియు వ్రాయుదురు. ఇవి అంకెలతో గూడియున్నను పేర్లే. 5204ను 1010తో గూడి సగటు తీయుట, ఇద్దరు మనుష్యుల యింటి నంబర్లు గూడుట వంటిది. తెగులు "స్వల్పము, మధ్యమము, తీవ్రము" అని వ్రాసినపుడు వరుస తెలియును గాని, తీవ్రము స్వల్పమునకు ఎన్ని రెట్లో తెలియదు. దుబ్బుకు పిలకలెన్నియో లెక్కించుట వేరు. అచ్చట పదునాలుగున్నర పిలకలుండవు. గింజను తూచుట యింకను వేరు; తక్కెడ యెంత సూక్ష్మమైన నంత సూక్ష్మముగా వ్రాయవచ్చును. పూర్వము పంటను అణాలలో చెప్పెడివారు: 16 అణాల పంట యనగా నిండు పంట, 12 అణాలనగా ముప్పాతిక. చూచుటకు కొలతవలె నున్నను అది కంటి యంచనాయే. గట్టుమీద నిలిచి చూచినవాని మనసునుబట్టి అణాలు మారుచుండెడివి.

అన్నము ఉడికినదో లేదో చూచుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలునని మన ఇల్లాండ్రందరు నెరుగుదురు. కుండలోని నీరు తెరలుచుండుటచేత పైమెతుకు, క్రిందిమెతుకు ఒక్కరీతిగా నుడుకును. అందుకే ఒక మెతుకు చాలును. ఊరి పొలమును ఎవరును కలియబెట్టలేదు! కాలువ మొదటనున్న చేను వేరు, చివరి చేను వేరు. చవుడు పట్టిన మడి వేరు. బాట ప్రక్కనున్న చేను కోసిన కోతగానికి నడక తగ్గును గాని ఊరి పంట తెలియదు. అట్లే, పరిహారము రావలెనని ఊరివారు మిక్కిలి పాడైన చేనికే అధికారిని తీసికొనిపోవుటయు తప్పే. ఒకనాటికి లాభముగా దోచును. రాబోవు సంవత్సరములలో ఊరి సరాసరి దిగుబడి తగ్గి, అదియే కొలబద్దయై, పరిహారపు హద్దు క్రిందికి దిగును.

కావున చేనును మనుష్యుడు కోరరాదు; చీటి కోరవలయును. ఆ పంట వేసిన సర్వే నంబర్లన్నియు పట్టికగా వ్రాసి, యాదృచ్ఛిక సంఖ్యల పట్టికనుబట్టి నంబరు తీయుదురు. చేను చేరిన పిమ్మట నైఋతి మూల నిలిచి, మరల తీసిన రెండు సంఖ్యల ప్రకారము పొడవున నిన్ని అడుగులు, వెడల్పున నిన్ని అడుగులు నడచి, అచ్చట మేకు పాతుదురు. అక్కడ పైరు పలుచగా నున్నదని ప్రక్కకు జరుగరాదు, దట్టముగా నున్నదనియు జరుగరాదు.

వరికి సాధారణముగా 5 మీటర్ల చదరము గుర్తింతురు. అనగా 25 చదరపు మీటర్లు, హెక్టారులో 400వ వంతు. అందు 10.5 కిలోలు వచ్చినచో హెక్టారుకు 4,200 కిలోలు. ఇంకను చిన్న మడి కోసిన పని తగ్గదా యని యడుగవచ్చును. తగ్గును, కాని కీడు గలదు. ఒక మీటరు చదరమునకు చుట్టుకొలత 4 మీటర్లు, వైశాల్యము 1. ఐదు మీటర్ల చదరమునకు చుట్టుకొలత 20, వైశాల్యము 25. తాటికి తగిలిన దుబ్బులను లోపలివిగా లెక్కించుట చేతికి సహజము గావున, చిన్న మడిలో ఆ తప్పు ఐదింతలు హెచ్చును. చిన్న మడులు పంటను హెచ్చుగా జూపునని పి. వి. సుఖాత్మే గారు 1940వ దశకములో నిరూపించిరి. వెన్ను వంగి తాడు దాటినను వేరు ఎటనున్నదో చూడవలెను.

ఈ విధానము మన దేశమున పుట్టి పెరిగినదే. 1923 మొదలు బీహారు ఒరిస్సాలలో హబ్బాక్ అను అధికారి వరి చేలలో యాదృచ్ఛికపు కోతలు సాగించెను. పిదప కలకత్తాలో 1931లో భారత సాంఖ్యక సంస్థను స్థాపించిన మహలనోబిస్ గారు దానిని విరివిగా వృద్ధి చేసిరి.

ఎన్ని కోతలు చాలును? ఒక్కొక్క మడికి తేడా రమారమి 2 కిలోలనుకొందము. 4 కోతల సగటులో ఆ తేడా 1 కిలోకు తగ్గును. దానిని అరకిలో చేయుటకు 16 కోతలు కావలెను. పని నాలుగింతలైన, తబ్బిబ్బు సగమే తగ్గును. ఐతే బాట ప్రక్క చేలే యేరుకొన్నచో 100 కోతలైనను ఆ తప్పు తగ్గదు.

ఇక క్రొత్త విత్తనము మాట. "ఫలానివారి చేలో ఎకరమునకు అయిదు బస్తాలు హెచ్చినది" అని విత్తనములమ్మువారు చెప్పుదురు. ఆ ఫలానివారికి బోరు గలదు, పశువుల పెంట గలదు, నేల నల్లరేగడి. హెచ్చిన బస్తాలలో విత్తనపు వంతెంతయో యెవరు చెప్పగలరు? ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రమునకు 1919లో వచ్చిన రోనాల్డ్ ఫిషర్ ఈ చిక్కునే విడదీసి, ప్రయోగముల యేర్పాటును గూర్చి 1935లో గ్రంథము ప్రకటించెను. దాని సారము మన చేలోనే పరీక్షింపవచ్చును. వాలుకు అడ్డముగా చేనును ఆరు పట్టెలు చేయుడు. ఒక్కొక్క పట్టెను రెండు సమభాగములు చేసి, ఏ భాగమున క్రొత్త రకము వేయవలెనో నాణెమెగురవేసి తేల్చుడు. ఒకేదినము నాటి, ఒకే యెరువు వేసి, విడివిడిగా కోసి తూచుడు. ఆరు పట్టెలలోను క్రొత్తదే హెచ్చినచో, వట్టి యదృష్టముచేత నట్లగుట 64లో ఒక్క పాలు మాత్రమే, నమ్మవచ్చును. నాలుగింట మాత్రమే హెచ్చినచో, నాలుగు గాని అంతకు మించి గాని యదృష్టవశమున వచ్చుట 64లో 22 పాళ్లు. అట్టి విత్తనమునకు హెచ్చు ధర పెట్టుటకు ముందు ఇంకొక పంట చూడుడని మేము చెప్పుదుము.

కోతప్రయోగమునకు వచ్చిన దినమున సభ్యులలో నిద్దరైనను చేనికడ నుండుట మంచిది. సర్వే నంబరు పట్టికనుండి తీసినదేనా యని యడుగుడు. తాడు తడిసి కుంచించుకొనిపోలేదు గదా యని కొలిచి చూడుడు. మూలనుండి మూలకు 7 మీటర్ల 7 సెంటీమీటర్లున్న చదరము సరిగా నున్నట్లు. నూర్చునపుడు క్రింద పట్టా పరపింపుడు. పచ్చిగింజ తూకము, ఎండిన పిదప తూకము రెండును వ్రాసిరో లేదో చూచి, ఆ పిమ్మటనే సంతకము చేయుడు.