ఊదా రంగు ఎటు పోయింది?

పుండు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడు, ఊదా రంగు పొటాషియం పర్మాంగనేటు గింజలు. రెండూ సూరారం మందుల షాపులో దొరికేవే, రెండూ క్రిముల్ని చంపేవే. మరి కలిపి పోస్తే పుండు తొందరగా మానదా అని చిన్న తరగతుల తమ్ముళ్ళు అడుగుతున్నారు. మానదు. అవి ఒకదాన్నొకటి తినేస్తాయి.

ల్యాబులో సారు చేసి చూపించారు. పెరాక్సైడులో కొంచెం సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, పర్మాంగనేటు ద్రావణం చుక్క వేస్తే ఊదా రంగు మాయం! పైకి లేచే బుడగలు ఆక్సిజన్. మాంగనీసు +7 నుంచి +2కు దిగుతుంది, అప్పుడు దానికి రంగు దాదాపు ఉండదు. ఎప్పుడూ ఎదుటిదాన్ని ఆక్సీకరణం చేసే పెరాక్సైడు ఇక్కడ తానే ఆక్సీకరణం చెందుతుంది. నాకు భలే నచ్చింది ఇదే.

చుక్కలు వేస్తూ పోతే ఒక చోట లేత గులాబి రంగు నిలిచిపోతుంది. అంటే పెరాక్సైడు అయిపోయిందన్నమాట. 2 పాళ్ళ పర్మాంగనేటుకు 5 పాళ్ళ పెరాక్సైడు ఖర్చు. ఈ లెక్కతో పాత సీసాలో మందెంత మిగిలిందో చెప్పొచ్చు. వెలుతురు తగిలితే అది మెల్లగా నీళ్ళయిపోతుంది మరి.

ఆమ్లం లేకుంటే గోధుమరంగు మడ్డి వస్తుంది. అది మాంగనీస్ డయాక్సైడు. పెరాక్సైడును ఇంకా జోరుగా విరగ్గొట్టి వేడి పుట్టిస్తుంది. 1944లో జర్మనీ వదిలిన వి-2 రాకెట్లలో గాఢ పెరాక్సైడును సోడియం పర్మాంగనేటుతో కలిపితే వచ్చిన ఆవిరే ఇంధన పంపుల్ని తిప్పింది. అందుకే తమ్ముళ్ళూ, గింజల మీద పెరాక్సైడు పోసి చూడకండి. మందుల పెట్టెలో రెండిటినీ వేరు వేరు అరల్లో పెట్టించాలని వార్డెన్ సారుకు మా మనవి.